ఆరని పొరమీద పూత

తెలుగునాట ఏ వైష్ణవ గృహములోని పూజామందిరమును చూచినను, పద్మముపై నిలిచిన లక్ష్మీదేవి పటమొకటి తరచుగా కనబడుచుండును. ఆ పటము ముందు దీపము వెలుగుచుండును, పూలు దినదినము మారుచుండును, చట్రము అంచులకు ఏండ్ల తరబడి పెట్టిన కుంకుమ అంటియుండును. ఇట్టి పటములలో అనేకములకు మాతృక రాజా రవివర్మ తైలవర్ణములతో చిత్రించిన చిత్రము. 1894లో ఆయన బొంబాయిలో నెలకొల్పిన ముద్రణాలయమునుండి ఆ దేవతామూర్తులు అచ్చుపటములై దేశమంతట ఇంటింటికిని చేరినవి. ఆ అచ్చు సైతము ఒక్కమారుగా పడినది కాదు. ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క రాతిపలకను సిద్ధము చేసి, కాగితముపై ఒకదానిమీద నొకటిగా ఆ రంగులను అద్దుచు వచ్చినగాని అమ్మవారి చీరకు ఆ ఎరుపు రాలేదు. నమస్కరించువారి కంటికి కనబడునది అన్నిటికంటె పైనున్న పొర మాత్రమే. క్రింద ఎన్ని పొరలున్నవి, వానిని వేసినవాడు ఎంత శ్రద్ధతో వేసెను అను ప్రశ్న నమస్కార సమయమున ఎవరికిని తట్టదు. తట్టవలసిన పనియు లేదు. చిత్రకళను నేర్చుకొనుటకు పూనుకొన్నవానికి మాత్రము ఆ ప్రశ్న మొదటి దినముననే ఎదురగును. ఎవ్వరును చూడబోని పొరను ఎంత శ్రద్ధగా వేయవలెను? అందు లోపము చేసినచో అది ఎవరిపట్ల అపరాధమగును?

తైలవర్ణములతో చిత్రించుట నేర్వబోవు తెలుగింటి విద్యార్థికి తొలుత కలుగు సందేహము నూనెను గూర్చినదై యుండును. అతడెరిగిన నూనెలు వేరు. కుందిలోని నువ్వులనూనె నాళ్లు గడచినకొలది జిగటబడునేగాని గట్టిపొరగా మారదు. కొబ్బరినూనె చలికి పేరుకొనును, ఎండకు కరగును, ఎన్నటికిని ఆరదు. అట్టి నూనెలో రంగు కలిపి గుడ్డపై పూసినచో ఏమి నిలుచును? ఈ కళకు వాడెడి అవిసెనూనె, అక్రోటునూనె, గసగసాలనూనె వేరు జాతివి. ఇవి నీటివలె ఆవిరియై పోవు నూనెలు కావు. గాలిలోని ప్రాణవాయువును కొద్దికొద్దిగా పుచ్చుకొని, లోలోపల బిగిసి, తోలువలె గట్టిపడిన పొరగా మారును. చిత్రమేమనగా, ఆరుచున్న తొలిదినములలో ఈ నూనె బరువు తగ్గుటకు మారుగా కొంత పెరుగును. కావున ఈ పనిలో ఎండపెట్టుట, విసరుట, తుడుచుట అను ఉపాయములు పనికిరావు. గాలికి వదలి వేచియుండవలసినదే. ఒక్కొక్క పొర వ్రేలికి అంటకుండుటకు కొన్ని దినములు పట్టును. దళసరిగా వేసినచో వారములు పట్టును. పూర్తిగా గట్టిపడుటకు నెలలు కావలెను.

అభ్యాసికి సాధారణముగా చిన్న వస్తువు నొకదానినిచ్చి కూర్చుండబెట్టుదురు. బల్లమీద ఒక రాగి చెంబున్నదని అనుకొనవచ్చును. చట్రమునకు బిగించిన గుడ్డపై జిగురు పూసి, దానిమీద తెల్లని పూత వేసి, ఆరిన పిమ్మట చెంబు ఆకారమును గీయవలెను. తరువాత టర్పెంటైనుతో పలుచన చేసిన అంబరు అను గోధుమవన్నె మట్టిరంగుతో నీడలను పూయవలెను. అది ఆరవలెను. దానిమీద తెలుపు, బూడిదవన్నెలతో వెలుగు పడిన తావులను దళసరిగా, నీడలను పలుచగా తీర్చవలెను. ఇదియును ఆరవలెను. ఇప్పటికి రెండు మూడు వారములు గడచును. గుడ్డమీద రాగి లేదు, మెరుపు లేదు, బూడిద రంగులో ఒక చెంబు దయ్యమువలె నిలిచి యుండును. ఈ దశకు యూరపు చిత్రకారులు మృతవర్ణమను అర్థము వచ్చెడి పేరు పెట్టిరి. ఇంటిలోనివారు వచ్చి చూచి, రాగి చెంబును సీసపు చెంబు చేసితివేమి అని నవ్వుదురు. ఈ విద్యను ఆరంభించి మానివేయువారిలో పలువురు ఇచ్చటనే మానివేయుదురని చెప్పిన తప్పు కాదు.

ఓర్చినవానికి ఆ పైన కలుగునది వేరొక అనుభవము. మంజిష్ఠ జాతి వేరునుండి తీసెడి ఎరుపువంటి పారదర్శకమైన రంగును నూనెలో బాగుగా పలుచన చేసి, ఆరిన బూడిద చెంబుపై సన్నని తెరవలె పరచుదురు. దీనినే గ్లేజు అందురు. వెలుతురు ఆ ఎరుపు తెరగుండ లోనికి పోయి, అడుగుననున్న తెల్లదనమును తాకి, మరల అదే తెరగుండ వెలుపలికి వచ్చును. రెండుమార్లు ఎరుపును దాటివచ్చిన ఆ వెలుతురు కంటికి చేరునప్పుడు చెంబు లోపలినుండి వెలుగుచున్నట్లుండును. అదే ఎరుపును తెలుపుతో కలిపి ఒక్కమారుగా పూసినచో మట్టిచెంబు కనబడునేగాని రాగిచెంబు కనబడదు. చూచువాడు ఎరుపును మెచ్చుకొనును. వెలుతురును తిరిగి పంపుచున్నది నెల దినముల క్రిందట వేసిన తెలుపు. ఆ తెలుపు ఎచ్చట అశ్రద్ధగా పడినదో అచ్చట ఎన్ని ఎరుపు తెరలు పరచినను చెంబు వెలుగదు. అభ్యాసి తాను కప్పివేసితినని అనుకొన్న తప్పును, పైన పూసిన ప్రతి తెరయు మరింత విప్పి చూపును.

ఇంతవరకు సంగతి కంటికి కనబడు లోపమును గూర్చినది. కనబడని లోపమొకటి కలదు, ధర్మప్రశ్న ఉన్నది దానియందే. తైలవర్ణమునకు ఒక కట్టుబాటు కలదు: క్రింది పొరలో నూనె తక్కువగాను, పైకి పోవుకొలది నూనె ఎక్కువగాను ఉండవలెను, క్రిందిది ఆరనిదే పైది వేయరాదు. నూనె తక్కువైన పొర త్వరగా ఆరును, ఎక్కువైనది మెల్లగా ఆరును. అంబరు మట్టిరంగు తనలోని మాంగనీసు చేత త్వరగా ఆరును గనుకనే దానిని అడుగున వాడుదురు. దీపపు మసితో చేసిన నలుపు అధికముగా నూనె త్రాగును, ఆరుటకు చాల కాలము తీసికొనును. దానిని అడుగున దళసరిగా పూసి, పైన త్వరగా ఆరెడి రంగు వేసినచో, పైపొర ముందుగా బిగిసిపోవును, లోపలిది ఇంకను కదలుచునే యుండును. తడి ఆరని గోడకు సున్నము కొట్టించినవారికి దాని ఫలితము తెలియును. అయితే గోడ మరుసటి వానకాలముననే పెచ్చులూడి దోషమును బయటపెట్టును; ఇంటి యజమాని మేస్త్రిని పిలిచి అడుగవచ్చును. చిత్రము అట్లు కాదు. ఏడాది గడచును, ఒకప్పుడు పదియేండ్లు గడచును. చిత్రము అమ్ముడుపోయినది, సొమ్ము ముట్టినది, మెప్పు వచ్చినది. అటుపిమ్మట ఒకనాడు బొమ్మ చెక్కిలిపై వెండ్రుకవంటి చీలిక కనబడును. అప్పటికి పూసినవాడు ఎచ్చటనున్నాడు? పూసిననాడు చూచినవారికెవ్వరికిని ఏ లోపమును కనబడలేదు. అతడు అబద్ధమాడలేదు. ఐనను కొన్నవాడు మోసపోయెను.

ఇది ఊహాగానము కాదు. ఇంగ్లాండులో 1768లో ఏర్పడిన రాజకీయ కళాపరిషత్తు, అనగా రాయల్ అకాడమీకి మొదటి అధ్యక్షుడైన సర్ జాషువా రెనాల్డ్స్ తన కాలమున మేటి చిత్రకారుడు. ప్రభువులును ప్రభుపత్నులును ఆయన ముందు కూర్చుండి తమ రూపములను వ్రాయించుకొనిరి. పూర్వపు వెనీసు నగర చిత్రకారుల వర్ణవైభవమును త్వరగా అందుకొనవలెనను కోరికతో ఆయన నూనెలో మైనమును, బంకలను, తారువంటి పదార్థమును కలిపి చూచెను; నిలువని ఎరుపులను ముఖములకు వాడెను. ఆయన జీవించియుండగనే ఆ ముఖములు వెలవెలబోయినవి, కొన్ని చిత్రములు బీటలు వారినవి. వెనీసువారి పాత చిత్రముల పొరలను గీకి లోపల ఏమున్నదో ఆయన పరీక్షించెనని కూడ చెప్పుదురు. అంతటివాడు పొరలను గీకెనేగాని, ఆ పొరల మధ్య గడచిన నెలలను ఏ కత్తితో గీకి తీయగలడు? ఆయనను దుష్టుడనుట న్యాయము కాదు. ప్రయోగము చేయనివానికి కళ పెరుగదు. కాని ప్రయోగమునకు మూల్యము చెల్లించినవారు తమ బిడ్డల ముఖములను వ్రాయించుకొన్న తల్లిదండ్రులు. ప్రయోగము జరుగుచున్నదని వారికి తెలిసియుండెనా అనునదియే అడుగవలసిన ప్రశ్న.

రెనాల్డ్స్ 1792లో మరణించెను. ఆ తరువాత అయిదేండ్లు నిండకముందే అదే పరిషత్తులో నవ్వు పుట్టించు ఉదంతమొకటి నడచెను. ప్రోవిస్ అను తండ్రియు, ఆయన కూతురును వచ్చి, వెనీసు చిత్రకారుల రహస్యము వ్రాసియున్న పాత వ్రాతప్రతి తమకు దొరకినదనిరి. అప్పటి అధ్యక్షుడు బెంజమిన్ వెస్ట్ మొదలుకొని పలువురు పేరుపొందిన చిత్రకారులు నమ్మిరి. తలకు పది గినీలు చెల్లించి, ఎవరికిని చెప్పబోమని మాటయిచ్చి, ఆ రహస్యమును కొనిరి. 1797 నాటి ప్రదర్శనలో ఆ రహస్యముతో వ్రాసిన చిత్రములు వెలసినవి, వెలసి అపహాస్యము పాలైనవి. గిల్‌రే అను వ్యంగ్యచిత్రకారుడు వారందరిని ఒక్క బొమ్మలో బంధించి లోకమునకు చూపెను. మోసగించినవారి నేరము స్పష్టమే. మోసపోయినవారి సంగతియే ఆలోచింపదగినది. వారు కొత్తవారు కారు. జీవితమంతయు కుంచె పట్టినవారు. పొర ఆరుటకు కాలము కావలెనని ప్రతి శిష్యునికి చెప్పినవారు. అట్టివారు కూడ, కాలమునకు బదులుగా కొనదగిన మాట యొకటి ఎచ్చటనో ఉండునని ఆశపడిరి.

మరి రహస్యమనునది లేనే లేదా? ఉన్నచో దానిని దాచువారి ధర్మమేమి? ఈ ప్రశ్నకు రవివర్మ విద్యాభ్యాసము మంచి నిదర్శనము. 1848లో కిళిమానూరులో జన్మించిన ఆయన 1862లో, పదునాలుగేండ్ల వయసున, తిరువనంతపురము చేరి ఆయిల్యం తిరునాళ్ మహారాజు ఆదరమును పొందెను. ఆ ఆస్థానమున తైలవర్ణములు తెలిసినవాడు మధురకు చెందిన రామస్వామి నాయకర్. తనకు పోటీ కాగలడను శంకచే ఆయన బాలునికి విద్య చెప్పుటకు అంగీకరింపలేదు. నాయకర్ శిష్యుడగు ఆరుముగం పిళ్లై గురువునకు తెలియకుండ కొంత చెప్పెను. 1868లో థియొడోర్ జెన్సన్ అను ఐరోపా చిత్రకారుడు మహారాజు రూపచిత్రము వ్రాయుటకు వచ్చెను. ఆయనయు నేర్పుటకు ఇష్టపడలేదు. ప్రక్కన నిలిచి చూచుటకు మాత్రము ఒప్పుకొనెను. చూచుట దొరకినది, చెప్పుట దొరకలేదు. మిగిలినదంతయు ఆ యువకుడు తన గదిలో, తన రంగులతో, తన తప్పులతో తెలిసికొనవలసి వచ్చెను. అయిదేండ్ల తరువాత 1873లో మద్రాసు ప్రదర్శనలో ఆయన చిత్రమునకు గవర్నరు సువర్ణపతకము లభించెను.

దీనినిబట్టి విద్యను దాచినవారే మేలు చేసిరని కొందరు వాదింపవచ్చును. ఆ వాదము నిలువదు. రవివర్మ ఒక్కడు నెగ్గెను. చెప్పువారు లేక కుంచె పారవైచినవారి పేర్లు ఎవ్వరును వ్రాసి పెట్టలేదు. తిరుక్కోట్టియూరు నంబి సన్నిధికి శ్రీరామానుజులవారు పదునెనిమిది మారులు నడచిన వృత్తాంతము వైష్ణవులకు తెలియనిది కాదు. ఆ పదునెనిమిది మారుల నిరీక్షణమును ఆయన తాననుభవించెను. పొందిన పిమ్మట గోపురమెక్కి అందరికిని పంచెను. నాయకర్ దాచినదియు, ప్రోవిస్ అమ్మినదియు మాటలు. మాటలను దాచవలసిన పని లేదు. అమ్మినను ప్రయోజనము లేదు. నూనె తక్కువ, నూనె ఎక్కువ, ఆరనిమ్ము అని ఒక్క గడియలో చెప్పివేయవచ్చును. విన్నవాని గదిలో ఆ చెంబు బూడిదరంగుతో మూడు వారములు నిలిచియుండక తప్పదు. ఆ మూడు వారములను గురువు ఇయ్యలేడు, దాచలేడు.

ఇచ్చట ఒక ఆక్షేపణకు సమాధానము చెప్పవలెను. చిత్రకారులందరును ఇట్లు పొరలు పొరలుగా పనిచేసినవారు కారు. హాలండు దేశపు ఫ్రాన్స్ హాల్స్ వంటివారు తడిరంగుమీదనే తడిరంగును వేసి, చూచుచుండగనే ముఖమునకు జీవము పోసిరి. ఫ్రాన్సు దేశపు మోనే పొలములలో నిలిచి, ఎండ మారకముందే వెలుగును పట్టుకొనుటకు చేయి త్వరపెట్టెను. ఆ చిత్రములును నిలిచియున్నవి. కావున త్వర స్వతహాగా దోషము కాదు, ఆలస్యము స్వతహాగా గుణము కాదు. తడిమీద తడిని వేసినవాడు రెండింటిని కలిసి ఆరనిచ్చును. అతడు దేనిని దాచలేదు. దోషము మరియొకచోట ఉన్నది. క్రిందిది ఆరలేదని తెలిసియు, ఆరినదన్నట్లు పైన నున్నని పూత పూయుటలో ఉన్నది.

సంసారములలో జరుగునదియు ఇట్టిదే. ఇద్దరన్నదమ్ములు పొలము గట్టు విషయమున మాటలు పడుదురు. అంతలో ఇంట ఆడపిల్ల పెండ్లి వచ్చును. పందిరిలో పెదతండ్రి లేకున్న నలుగురిలో నగుబాటని పెద్దలు ఇద్దరిని కూర్చుండబెట్టి, చేతులు కలిపించి, ఒకే పంక్తిలో భోజనము చేయించుదురు. గట్టురాయి ఎచ్చట ఉండవలెనను మాట ఎవ్వరును ఎత్తరు. పెండ్లి వైభవముగా జరుగును. ఫొటోలో అందరును నవ్వుచునే యుందురు. ఏడెనిమిదేండ్ల తరువాత తండ్రి తద్దినమునాడు, విస్తరి వేయుట ఆలస్యమైనదను మిషతో, ఒక్క మాట జారును. ఆ పగులు ఈసారి పిల్లల వరకు పోవును. ఎందుకు పలుకరించుకొనుట లేదో ఆ పిల్లలకే తెలియదు. పెద్దలు చేసినది దురుద్దేశముతో చేసినది కాదు. కాని పెండ్లి గడిచిన మరునాడైనను గట్టురాయి మాట ఎత్తియుండవలసినది. లేదా, ఆ అన్నదమ్ములను పెండ్లిలో దూరదూరముగా నిలువనిచ్చి, నలుగురిలో ఆ కొద్దిపాటి నగుబాటును భరించినను మేలై యుండెడిది. పగిలిన చిత్రమును అతుకువారు కలరు. ఆ పనికి పొర ఆరనిచ్చుటకంటె ఎన్నో రెట్లు కాలము పట్టును, అతుకు కనబడుచునే యుండును.

దాచినది దాగియే యుండునను ధీమా కూడ ఈ కాలమున చెల్లదు. నూనెరంగులను కనిపెట్టిన ఘనతను ఒకప్పుడు ఫ్లాండర్సు దేశపు జాన్ వాన్ ఐక్ అను చిత్రకారునికి కట్టబెట్టెడివారు. అది సరికాదని ఇప్పుడు తెలిసినది. అఫ్గానిస్థానములోని బామియాన్ గుహల కుడ్యచిత్రములలో, ఏడవ శతాబ్దినాటి వానిలోనే, ఆరెడి నూనెలు వాడబడినట్లు 2008లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఐనను పొరల పనితనమున వాన్ ఐక్ అద్వితీయుడు. 1434లో ఆయన వ్రాసిన ఆర్నోల్ఫీని దంపతుల చిత్రము నేడు లండనులోని నేషనల్ గ్యాలరీలో ఉన్నది. కంటికి కనబడని పరారుణ కిరణములతో ఆ చిత్రమును పరీక్షించినప్పుడు రంగు క్రిందనున్న గీతలు బయటపడినవి. పురుషుని ఎత్తిన చేతిని ఆయన మొదట ఒక విధముగా గీసి, తరువాత మార్చెను. దంపతుల కాళ్లకడ నిలిచిన చిన్న కుక్కకు క్రింద గీతయే లేదు. అది పిమ్మట చేర్చినది. ఎవ్వరును చూడబోరని తెలిసిన ఆ గీతలలో కూడ నీడలను ఆయన సన్నని రేఖలతో ఓర్పుగా తీర్చియుండెను. అయిదువందల యేండ్లకు పైగా అవి రంగు క్రింద ఎవరికిని కనబడక యున్నవి. చేయి మార్చుకొన్న సంగతి సిగ్గుపడదగినది కాదు. అభ్యాసికి అది ఎంతో ధైర్యమునిచ్చు సంగతి: అంతటివాడును మొదటిసారి సరిగా గీయలేదు, కాని మార్చవలసినదానిని పైపూతకు ముందే మార్చుకొనెను.

ఆరకముందే చిత్రము చేయిదాటి పోవుట ఎంత జాగరూకునికైనను ఒక్కొక్కప్పుడు తప్పదు. అట్టి వేళ ఏమి చేయవలెనో ఆంట్వర్పు నగరపు రూబెన్స్ చూపెను. తన రూపచిత్రమును పెట్టెలో పెట్టించి, ఫ్రాన్సు దేశములోని తన మిత్రుడు పెయిరెస్క్‌కు పంపు ఏర్పాటు చేసి, తాను రాయబార కార్యముపై లండను చేరెను. అచ్చటనుండి 1629 ఆగస్టులో వ్రాసిన ఉత్తరములో, తాజా రంగులు చాలకాలము గాలి లేక పెట్టెలో మూయబడినచో పసుపుబారుట కలదనియు, తన చిత్రము అట్లే పాడై చేరినదేమో అనియు ఆయన దాపరికము లేక తెలిపెను. చేరినది అట్టి స్థితిలోనే యున్నచో మరల మరల ఎండలో పెట్టవలసినదనియు, అధికమైన నూనెను సూర్యకిరణములు హరించుననియు, కొంతకాలమునకు మరల రంగు మారినచో మరల ఎండకు చూపవలసినదనియు వ్రాసెను. అప్పటికి ఆ మిత్రుడు పెట్టె తెరచి ఏ లోపమును చూపలేదు, ఎవ్వరును ఆయనను అడుగలేదు.